ఉండమనని ప్రభువు

ఏడు సముద్రాలకు అవతల ఒక చలి దేశం, ఇంగ్లండు. ఆ దేశంలో, వెనకటి రోజుల్లో, బ్రాకెన్ అనే కోట. ఆ కోటకు రెనాల్డ్ అనే ప్రభువు. ఆయన తల్లి పాత రాజుగారి చెల్లెలు. అంటే కొత్త రాజుకు ఈయన మేనత్త కొడుకు, వరసకు బావ. రాజుగారి బావ అనగానే అసూయ పడకండి పిల్లలూ. ఆయన పాట్లు ఆయనకే తెలుసు.

ఆ రోజుల్లో రాజు ఒకచోట కుదురుగా ఉండేవాడు కాదు. మూడు వందల మంది పరివారంతో చుట్టాల కోటలన్నీ తిరుగుతూ తినేవాడు. దాన్నే పరిపాలన అనేవారు. వెళ్లే రోజున చుట్టం "ఉండండి ప్రభూ" అని మూడుసార్లు బతిమాలాలి. అది మర్యాద. రాజు రెండుసార్లు కాదని, మూడోసారి సరేనని, మరో నెల ఉండిపోవాలి. అదీ మర్యాదే.

మొదటి ఏడు రాజు వచ్చాడు. రెనాల్డ్ మూడుసార్లు బతిమాలాడు. దొడ్లో గొర్రెలన్నీ అయిపోయాయి.

రెండో ఏడు మళ్లీ వచ్చాడు. మళ్లీ బతిమాలాడు. ఉప్పు వేసి దాచిన మాంసం, జున్ను, తేనె అన్నీ ఊడ్చుకుపోయాయి. ఆ చలికాలం ఊరి జనం గంజినీళ్లతో బతికారు. రెనాల్డూ అవే తాగాడు. నలభై నిండకుండానే ముసలివాడిలా వంగిపోయాడు.

మూడో ఏడు సరిగ్గా విత్తనాల వేళకు రాజు దిగాడు. వారం గడిచింది. గింజల కొట్టు చూసుకునే హవీస్ అనే ముసలమ్మ తాళంచెవి తెచ్చి ప్రభువు చేతిలో పెట్టింది.

"ఇక విత్తనాల గోధుమలే మిగిలాయి దొరా. రేపు రాజుగారు వెళ్తే చల్లుకుంటాం. ఉంటే అవే తిరగట్లో పిండి విసరాలి. ఆ తర్వాత ఈ తాళంచెవితో నాకు పని లేదు."

మర్నాడు రాజు గుర్రం పక్కన నిలబడ్డాడు. "వెళ్లొస్తాం బావా!"

"ఉండండి ప్రభూ."

"అబ్బే, వెళ్లాలి."

"ఉండండి ప్రభూ."

"లేదు లేదు, ఇప్పటికే ఆలస్యమైంది" అంటూనే రాజు చేతి తొడుగులు విప్పుతున్నాడు.

రెనాల్డ్ నోరు తెరిచాడు. అలసిపోయాడు పాపం. అబద్ధమాడటానికి కూడా ఓపిక ఉండాలి కదా!

"మూడోసారి అనలేను ప్రభూ. ఉన్నవి విత్తనాలే. మీరు ఉంటే వచ్చే ఏడు ఈ ఊరు ఉండదు."

రాజు ముఖం మాడిపోయింది. "ఇక నా పక్కన నీకు పీట లేదు!" అని గుర్రమెక్కి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే ఊరంతా కలిసి విత్తనాలు చల్లింది.

రాజు తక్కిన కోటలు తిరిగాడు. అక్కడ అందరూ మూడుసార్లూ బతిమాలారు. విత్తనాలతో సహా వడ్డించారు. కోతల వేళకు ఆ పొలాల్లో కోయడానికేమీ లేదు. తిరిగి తిరిగి, ఆకలితో రాజు బ్రాకెన్ దారి పట్టాడు. అక్కడ గోధుమ కోతలు జోరుగా సాగుతున్నాయి.

రెనాల్డ్ వేడి రొట్టె తెచ్చి పెట్టాడు. రాజు తిన్నాడు. తల వంచుకుని పక్కన పీట వేశాడు.

"కూర్చో బావా. ఈసారి ఎన్నాళ్లు ఉండమంటావు?"

"మూడు రోజులు ప్రభూ. ఆ పైన ఉన్నదంతా ఊరి తిండి."

రాజు సరేనన్నాడు. బావ ఇంకేమైనా అంటాడేమోనని చూస్తే, ఆయన కూర్చున్నచోటే నిద్రపోయాడు. రాజు ఎదుట కునుకు తీస్తే ఆ దేశంలో శిక్ష. రాజు మాత్రం "ఎవరూ లేపకండి" అన్నాడు. మూడు రోజులు కాగానే, ఎవరూ బతిమాలకుండానే గుర్రమెక్కాడు.

నోటితో ఉండమని మనసులో పొమ్మనే మర్యాద ఇద్దరినీ ముంచుతుంది. లేనిది లేదని చెప్పిన నిజమే చుట్టరికాన్ని నిలబెడుతుంది.