పాటకు కట్టిన మాటలు

“అమ్మా, రెండు పిట్టలు ఒకే తీరుగా పాడుతుంటే ఏది ఏదో తేల్చుకోవడం ఎలా?” అని వకుళ పడుకోబోతూ హైమవతమ్మను అడిగింది. తెల్లవారుతూనే గురువు శిష్యురాలిని వెంటబెట్టుకుని, గాసన్న పోడు చేయబోయే కొండవాలుకు నడిచింది.

ఆ మన్యంలో ఒక కట్టుబాటు ఉంది. పోడు కోసం తుప్పలు కాల్చే ముందు హైమవతమ్మను పిలిచి, పొదల్లో ఏ పిట్ట పాడుతోందో వినమంటారు. తుప్పపిట్టలైతే కొండంతా ఉన్నాయి. లేచిపోయి మరోచోట గూడు కట్టుకుంటాయి. మంచుపిట్ట అలా కాదు, మిగిలినవే పిడికెడు. అది పాడిన వాలుకు ఆ ఏడు నిప్పు పెట్టరు. రెండూ మట్టిరంగువే, రెండూ కంటికి చిక్కవు. గొంతే గుర్తు. ఆ గొంతేమో బహు సన్నం, హైమవతమ్మ ముసలి చెవికి ఇప్పుడది అందదు. అందుకని ఈసారి వినవలసింది వకుళే.

గాసన్న నిప్పుకుండ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. మబ్బు కమ్ముకొస్తోంది. తుప్పలు తడిస్తే కాలవు. కాలకపోతే ఈ ఏడు అతని ఇంట సామలు లేవు.

పొదలోంచి పాట వచ్చింది.

“ఏమంటోంది?” అంది గురువు.

“‘లేవే తల్లీ, లేవమ్మా’ అంటోంది. మంచుపిట్టే.”

మళ్ళీ వచ్చింది. ఈసారి ‘లేవే తల్లీ, లేవే తల్లీ’ అన్నట్టుంది. అది తుప్పపిట్ట పాట. మొదటిది తలచుకుని వింటే మొదటిది, రెండోది తలచుకుంటే రెండోది వినిపిస్తోంది.

“ఆ మాటలు నీకు గుర్తుండాలని నేను కట్టినవి,” అంది హైమవతమ్మ. “పిట్ట ఏమంటోంది?”

వకుళ కళ్ళు మూసుకుని, మాటలు తీసేసి వినబోయింది. తీసేసరికి పట్టుకోవడానికేమీ మిగల్లేదు. ఎక్కడో చిన్న జారుడు, ఊపిరి తీసుకున్నంత సేపు ఆగడం, ఒక విరుపు. ఇన్నేళ్ళూ ఇవి ఎక్కడున్నాయో.

“ఏటమ్మా, తేలిందా?” అన్నాడు గాసన్న.

మంచుపిట్ట ఉందంటే అతని పంట పోతుంది, లేదంటే గూడు పోతుంది.

“తెలియడం లేదు బాబాయ్.”

“మొన్న సంతలో రెండు పిట్టల పాటా పాడి మరీ ఇనిపించావు గదా. పిట్టే వచ్చి పాడితే తెల్దేటి?” నవ్వలేక నవ్వి, నిప్పుకుండ మీద మూకుడు బోర్లించాడు. “రేపటిదాకా నేను ఆగుతాను. వాన ఆగదు మరి.”

అతను దిగిపోయాక వకుళ గురువు పక్కన కూలబడింది. “మీరు నేర్పిందంతా పోయిందమ్మా.”

“పొద్దు ఇంకా ఉంది,” అంది హైమవతమ్మ. “నా పక్కన కాదు, వెళ్ళి ఆ పొద పక్కన కూర్చో.”