నల్లబండ మీద సుద్ద నంబర్లు

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవంటే, ఈ చివర బయల్దేరిన చీమపిల్ల ఆ చివరికి చేరేసరికి ముత్తవ్వ అయిపోయేది. దాని పేరు గుమ్మడిగుట్ట. ఆ అడవిలో ఇంటర్నెట్ ఉండేది. నవ్వకండర్రా, నిజంగా ఉండేది! గుట్ట కింద చల్లటి గుహలో ఒక సర్వర్. జబ్బు చేస్తే కొంగ డాక్టరుకి కబురు, నిప్పంటుకుంటే ఏనుగులకి కబురు, ఏదైనా ఆ సర్వర్‌లోంచే వెళ్లాలి. అది ఆగిందంటే అడవికి నోరు పడిపోయినట్టే.

దానికి కాపలా సూరాలు అనే ముంగిస. సూరాలు ఒక్కచోట నిలబడితే ఒట్టు. కూర్చుంటే తోక ఆడేది, పడుకుంటే మీసాలు ఆడేవి. నిద్రలో కూడా నాలుగు కాళ్లూ పరుగెత్తుతూనే ఉండేవి. తెల్లారేసరికి పడుకున్న చోటికి రెండు కోసుల దూరంలో లేచేది.

అక్కడ ప్రతి బొరియకీ ఒక నెట్ నంబరు. కబురు ఎక్కడినుంచి వచ్చిందో ఆ నంబరు చూస్తే తెలిసిపోతుంది. కానీ ఆ అడవి జంతువులకి ఒక అలవాటుంది. ఏ బొరియలోనూ రెండు నెలలు కుదురుగా ఉండవు. ఇవాళ కుందేలున్న చోట రేపు ఉడుము, ఎల్లుండి ముళ్లపంది. ఉండేవాళ్లు మారిపోతారు. నంబరు మాత్రం బొరియదే, అక్కడే ఉంటుంది.

ఒకరోజు పొద్దున్నే గుహలోకి కబుర్లు వచ్చి పడ్డాయి. ఒకటా రెండా? రెప్ప వేసి తీసేలోగా లక్ష! అన్నిట్లోనూ ఒకటే మాట.

"మీ తోకకి బంగారు పూత! వెంటనే ఇక్కడ నొక్కండి!"

ఆశపడి నొక్కిన వాళ్ల ఇళ్లలో దాచుకున్న ఇప్పపూలన్నీ మాయం. సర్వర్ వేడెక్కి బుసలు కొట్టింది. గుహ కప్పుకి వేలాడే గబ్బిలాలకి చెమటలు పట్టి, కింద మడుగు కట్టింది.

సూరాలు అటూ ఇటూ గంతులేసి నంబరు చూసింది. నలభై ఏడు.

"దొరికావురా!" అని సుద్దముక్క పట్టుకుని గుహ ముందున్న నల్లబండ మీద 47 అని రాసింది. ఆ బండ మీద నంబరు పడిందంటే, అక్కడినుంచి ఏ కబురొచ్చినా సర్వర్ తెరిచి చూడదు. కబుర్లు టక్కున ఆగిపోయాయి.

మూడు రోజులు గడిచాయి. మళ్లీ లక్ష కబుర్లు. ఈసారి నూటపన్నెండు. సూరాలు మళ్లీ రాసింది. మళ్లీ ఆగాయి.

"సూరాలత్తా, నువ్వే లేకపోతే ఏమైపోయేవాళ్లమే!" అన్నాయి జింకలు.

ఆ మాటకి సూరాలు తోక తాటిచెట్టంత ఎత్తు లేచింది. పైన ఎగిరే గద్దలు పక్కకి తప్పుకోవలసి వచ్చింది.

మూడోసారి మాత్రం సూరాలుకి ఊపిరాడలేదు. రెండొందల మూడు నుంచి లక్ష. అది రాసేలోగా రెండొందల పదకొండు నుంచి లక్ష. అది రాసేలోగా రెండొందల ఇరవై. అన్నీ ఏటికి అవతల ఎర్రగట్టు మీద వరసగా ఉన్న బొరియలే.

"ఒక్కొక్కటీ ఎక్కడ రాసి చస్తాం? ఆ గట్టు గట్టంతా దొంగల గట్టే!" అని, 200 నుంచి 260 దాకా అని ఒక్క గీతలో రాసి పారేసింది.

అక్కడే ఎండ కాచుకుంటున్న తాబేలు అప్పల్నర్సయ్య మెడ బయటికి పెట్టాడు.

"అమ్మాయ్, అరవై ఒక్క ఇళ్లు కదే. అందరూ దొంగలేనంటావా? ఒక్కసారి ఏరు దాటి ఎవరున్నారో చూసి రారాదూ?"

"నాకు తీరికేది తాతా? నంబరు అబద్ధం చెబుతుందా?"

"చెప్పదులే. లోపల ఎవరున్నారో కూడా చెప్పదు."

"నువ్వు ఇక్కణ్ణుంచి ఇంటికెళ్లేలోగా రెండు వానాకాలాలు వెళ్లిపోతాయి. నాకు సలహాలొకటి!" అంది సూరాలు. తాబేలు తాత మెడ లోపలికి లాక్కున్నాడు.

ఎండలు ముదిరాయి. ఎంత ఎండంటే, బండల మీద వాలిన పిట్టలు ఒంటికాలు మార్చి ఒంటికాలు మీద నిలబడేవి. సర్వర్ మీద ఎర్రదీపం రోజుకోసారి వెలిగి ఆరేది, సూరాలు పట్టించుకునేది కాదు. ఒక మధ్యాహ్నం అది మళ్లీ వెలిగింది. బండ మీదున్న నంబరు ఏదో తలుపు కొట్టిందని దానర్థం. రెండొందల పద్నాలుగు. కాసేపటికి రెండొందల ముప్ఫై. ఆ తర్వాత రెండొందల ఆరు.

"చూశారా, మళ్లీ మొదలెట్టారు! కొట్టండి, ఎంత కొడితే అంత దొంగలన్నమాట!" అంది సూరాలు.

కానీ దాని కాళ్లు ఆగలేదు. ఇదివరకు ఒక్క బొరియ నుంచి ఒక్కసారే లక్ష వచ్చేవి. ఇప్పుడు ఇంటికొకటి చొప్పున వస్తున్నాయి. వచ్చి ఆగుతున్నాయి. మళ్లీ వస్తున్నాయి. సూరాలు గుహ చుట్టూ డెబ్భై సార్లు తిరిగింది. నేల అరిగి మోకాల్లోతు గాడి పడింది.

"ఒక్కటి తెరిచి చూడనా?" అనుకుంది. "అమ్మో, తెరిస్తే ఆ సందులోంచి లక్ష దూరిపోతే?"

తెరవలేదు. ఎర్రదీపం ఇక ఆరడమే మానేసింది.

అప్పుడు పొదల్లోంచి ఒక పొలుసుల అలుగు బంతిలా దొర్లుకుంటూ వచ్చి పడింది. ఒంటి నిండా తడి, తడి మీద మసి, పొలుసుల చివర్లు కాలి ముడుచుకున్నాయి.

"నేను గంటాలమ్మని. ఎర్రగట్టు, రెండొందల పద్నాలుగు," అంది రొప్పుతూ. "గట్టు తగలబడిపోతోంది తల్లీ! ఏనుగులకి కబురు పంపితే పోవడం లేదు. అందరం పంపాం. పిల్లలు లోపలే ఉన్నారు!"

సూరాలు బండ దగ్గరికి గెంతింది. గీత చెరిపేస్తే దొంగ మళ్లీ లక్షలు గుమ్మరించవచ్చు. సర్వర్ కాలిపోవచ్చు. అప్పుడు ఎవరి కబురూ ఎక్కడికీ పోదు. చెరపకపోతే?

గుడ్డకోసం వెతకలేదు. వెనక్కి తిరిగి బండకి ఒళ్లు ఆనించి, అరవై ఒక్క నంబర్లూ ఒంటితోనే చెరిపేసింది. మరుక్షణం గుహ నిండా గొంతులు.

"నిప్పు!"

"నిప్పు, తొందరగా రండి!"

"మా పిల్లలున్నారు, ఎవరైనా వింటున్నారా?"

కబురు అందీ అందగానే ఏనుగులు కదిలాయి. అవి ఏటి నీళ్లన్నీ ఒక్క పీల్పుకి తొండాల్లోకి లాగేస్తే, చేపలు ఇసుకలో నిలబడి వేడుక చూశాయి. పొద్దు వాలేసరికి మంట ఆరింది. పిల్లలందరూ బతికారు. కానీ సగం గట్టు బూడిదైంది. ముసలి ముళ్లపంది మంగరాజు ముళ్లన్నీ కాలిపోయి గుండ్రటి వంకాయలా మిగిలాడు.

సూరాలు మొదటిసారి ఏరు దాటి ఎర్రగట్టు మీదికి వచ్చింది. ఎవరూ పలకరించలేదు.

"మధ్యాహ్నమంతా కొట్టామే నీ తలుపు," అంది గంటాలమ్మ. "ఎంత గట్టిగా కొడితే అంత దొంగల్లా కనిపించాం నీకు."

"తప్పయింది వదినా. లక్షలు పంపేవాడు ఈ వరసలోనే ఉన్నాడనుకున్నాను."

"ఉన్నాడుగా! పునుగుపిల్లి పైడిగాడు. ఒక్కో బొరియలో దూరి, నువ్వు నంబరు రాసేలోగా కంపు చేసి పోయేవాడు. వాడు ఖాళీ చేసిన ఇళ్లలోనే మేం కడుక్కుని దిగాం. ఇప్పుడు పాడుబడ్డ పాముపుట్టలో కాపురం. ఈ గట్టు మీద పుట్టిన పసిపిల్లనడుగు, చెబుతుంది."

సూరాలు కళ్లు గిర్రున తిరిగాయి. "మీకంతా తెలుసా! మరి నాకొక్క మాట చెప్పలేదేం?"

మంగరాజు బోడి తల తడుముకున్నాడు.

"చెప్పాలనే అమ్మా, పది రోజులుగా రోజూ కబురు పంపుతున్నాం. ఒక్కటైనా తెరిచి చూశావా?"

ఆ సాయంత్రమే ఏనుగులు వెళ్లి పైడిగాణ్ణి పుట్టలోంచి బయటికి లాగాయి. ఆ సందడి చూడ్డానికి అడవంతా పరుగెత్తింది, సూరాలు తప్ప. ఎర్రగట్టు మీద మొదటి కాలిన గుమ్మం ముందు నిలబడి, "లోపల ఎవరండీ?" అని అడుగుతూ, బూడిద ఎత్తిపోయడం మొదలెట్టింది.

నీతి: తప్పు ఏ గుమ్మంలోంచి వచ్చిందో తెలిసినంత మాత్రాన తప్పు చేసినవాడెవరో తెలిసినట్టు కాదు. తలుపు మూసే ముందు లోపల ఎవరున్నారో వెళ్లి చూడాలి.