చెప్పులల్లిన ఊలా

ఇప్పుడు అమెరికా అంటున్న నేలకి అప్పటికి ఆ పేరు లేదు. కొండని కొండ అని, వాగుని వాగు అని మాత్రమే పిలుచుకునే రోజులవి. ఆ రోజుల్లో ఒక గుహలో ఇరవై మంది ఉండేవాళ్ళు. వాళ్ళలో ఊలా ఒకతి.

ఊలా ఎడమకాలు ఈడ్చి నడిచేది. అందుకే వేటకి పోయేది కాదు. గుహ వాకిట్లో కూర్చుని తుప్పల బెరడు చీల్చి, పురిపెట్టి, చెప్పులు అల్లేది. పొద్దున అల్లేది, మధ్యాహ్నం అల్లేది, పొద్దుగూకేవేళా అల్లేది.

"మెత్తటి ఇసుకలో తిరిగేవాళ్ళం, మాకెందుకు వదినా ఇవన్నీ?" అని నవ్వేది తమ్ముడి పెళ్ళాం పీరె.

"ఉండనీ పిల్లా," అనేది ఊలా.

ఒకనాడు ఎదురుగా ఉన్న కొండ ఉరిమింది. మళ్ళీ ఉరిమింది. మూడోసారి పగిలింది. పీరె చూస్తుండగానే కొండ తల ఎగిరిపోయింది. పట్టపగలు చీకటి కమ్మింది. వేడి బూడిద రాలింది. పీరె మొగుడు, తాకి అనేవాడు, బయట కాలు పెట్టి కెవ్వుమని వెనక్కి దూకాడు.

"చెప్పులు తొడుక్కోండి! పొండి!" అని అరిచింది ఊలా. ఒక్కొక్కరికీ జత విసిరింది. ఆఖరి జత పీరె చేతిలో పెట్టింది.

"మరి నీకో వదినా?"

"నాకున్నాయిలే. వెనకే వస్తా, నడు!"

పీరె కిందికి చూడలేదు. బిడ్డని చంకనేసుకుని పరుగెత్తింది.

ఇసుక మిట్ట ఎక్కారు. వాగు దాటారు. మూడు పగళ్ళు నడిచారు. ఊలా రాలేదు. "పాపం, గుహలోనే ఉండిపోయుంటుంది," అన్నారు. పీరె కూడా అదే అనుకుంది.

వానలు కురిసి బూడిద గట్టిపడ్డాక తిరుగుదారి పట్టారు. దారంతా వాళ్ళ చెప్పుల అచ్చులే, అల్లికతో సహా. వాగు ఇవతలికి దాటగానే పీరె కొయ్యబారిపోయింది.

చెప్పుల అచ్చుల మీద ఒక వట్టిపాదం. అయిదు వేళ్ళూ విడివిడిగా. పక్కనే ఈడ్చిన గీత.

"ఎవరిదే?" అన్నాడు తాకి.

పీరె ఆ అడుగుల వెంటే గుహ దాకా పోయింది. గుహలో ఊలా లేదు. ఒక్క చెప్పూ లేదు. అడుగులు మాత్రం గుహ వాకిట్లో మొదలై, మిట్టెక్కి దిగి, ఆనాడు వాళ్ళు దాటాక ఉబ్బిన వాగు అంచున ఆగిపోయాయి.

"మన వెనకే వచ్చింది," అంది పీరె. "ఆ నిప్పుల మీద, ఇంత దూరం! మనం ఒక్కసారైనా తిరిగి చూడలేదు."

తాకి వంగి, అక్క అడుగుని చేత్తో తడిమాడు.

ఆ జనం మనవల మనవలు ఇప్పటికీ దారి పట్టేముందు అందరి పాదాలూ తడిమి చూస్తారట. ఎవరైనా "నాకున్నాయిలే" అంటే చాలు, ఇంకోసారి వంగి చూస్తారు. ఆనక, అందరికన్నా మెల్లగా నడిచేవాళ్ళని ముందు నడిపిస్తారు.