సువార్తమ్మ చరణం

నతానియేలుకి ఒక్క సంతకం కావాలి. అది పడితే పట్నంలో వాళ్ళ క్రైస్తవ కాలేజీలో విద్యార్థి సహవాసానికి అతనే కార్యదర్శి. కాలేజీ ఆరాధనలు చూసే చాప్లిన్‌గారు ఫారం చేతిలో పెట్టి, "మీ ఊరి సంఘకాపరి చేత నింపించుకురా. సోమవారం పొద్దున నా బల్ల మీదుండాలి" అన్నారు.

ఫారంలో అసలైన గడి ఒక్కటే: "ఈ విద్యార్థి తన స్థానిక సంఘంలో చేయుచున్న పరిచర్య."

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ స్థానిక సంఘంలో అతను ఆదివారం కనిపించి రెండేళ్ళయింది.

శనివారం సాయంత్రం కాలవగట్టు మీది మందిరానికి వెళ్ళాడు. సంఘకాపరి పరంజ్యోతి అయ్యగారు అరుగు మీద కూర్చుని, దబ్బనంతో చాపల అంచులు కుట్టుకుంటున్నారు.

"వందనాలండి అయ్యగారూ."

"వందనాలు నాయనా. వస్తావని మీ అమ్మ చెప్పింది. కూర్చో, ఆ కొస పట్టుకో."

ఒక చేత్తో చాప కొస పట్టుకుని, రెండో చేత్తో ఫారం చూపించాడు. అయ్యగారు కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు.

"ఏం రాయమంటావు?"

"పాటలు నడిపిస్తాడని రాయండి. కాలేజీలో నేనే నడిపిస్తానండి. మూడొందల మంది, గిటారు, డ్రమ్స్. ఒకసారి మొదలెడితే ఇక ఆగేది లేదండి!"

"ఆగేదే లేదా?"

"లేదండి. మరి ఇక్కడేమో..." అని నాలిక్కరుచుకున్నాడు.

"చెప్పు, చెప్పు. చాప ఏమీ అనుకోదులే."

"ఇక్కడ చరణం చరణానికీ ఆగిపోతాం కదండీ, వంతెనెక్కలేని ఎడ్లబండిలాగా. చిన్నప్పుడు ఆ ఆగడం రాగంలోనే ఉందనుకునేవాణ్ణి. కాలేజీకెళ్ళాక తెలిసింది, అది మన బద్ధకమని. ఆత్మ ఉన్నచోట అలా ఆగుతారా అండీ?"

నవ్వకండి. పంతొమ్మిదేళ్ళ వయసులో మనమూ ఇలాంటివి అడిగినవాళ్ళమే. కాకపోతే అయ్యగారి వెనకాల అడిగాం, ఈ పిల్లాడు ముఖాన అడిగాడు.

అయ్యగారు దారం పంటితో కొరికారు.

"రేపు నువ్వే నడిపించు. ఆరాధన అయ్యాక రాస్తాను. చూడకుండా ఎలా రాయను?"

ఆదివారం మందిరం నిండింది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, అంచులు కుట్టిన చాపల మీద. ముందు వరసలో ఏసుపాదం డోలక్ బిగించుకుని కూర్చున్నాడు. నతానియేలు గిటారు మెళ్ళో వేసుకుని, నాలుగు చరణాల పాట ఎత్తుకున్నాడు.

మొదటి చరణం అయింది. అలవాటు ప్రకారం సంఘం ఆగింది.

అతను ఆగలేదు. "హల్లెలూయ!" అని చెయ్యెత్తి రెండో చరణం అందుకున్నాడు. సంఘం తడబడి వెనకాల పరిగెత్తింది.

"ఏరా అబ్బాయ్, ఒంటిగంట బస్సు ఇప్పుడే ఎక్కేస్తావా ఏంటి?" అని గొణిగాడు ఏసుపాదం, డోలక్ మీద చేతులు పరిగెత్తిస్తూ.

మూడో చరణానికి కుర్రాళ్ళ చప్పట్లు జోరందుకున్నాయి. నాలుగోది అయ్యేసరికి నతానియేలు చొక్కా తడిసిపోయింది, గుండె నిండిపోయింది. గిటారు తీగలన్నీ ఒక్కసారి మీటి, "ఆమేన్!" అన్నాడు.

అప్పుడు వినపడింది.

ఆడవాళ్ళ వైపు, గోడవార చివరి చాప మీద నుంచి ఒక సన్నటి గొంతు. గరుకు గొంతు. కళ్ళు మూసుకుని ఇంకా మూడో చరణం పాడుతోంది.

పిల్లలు కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఆమెకి వినపడదు. సువార్తమ్మకి చెవులు పోయి ఇరవై ఏళ్ళు. పాటలన్నీ నోటికొచ్చు, కానీ తన నడకలో తను పాడుకుంటుంది. చరణం చివరికొచ్చి కళ్ళు తెరిచి, చుట్టూ చూసి, అందరి పెదాలూ కదిలినప్పుడు మళ్ళీ కలుస్తుంది.

ఇవాళ ఎందుకో మధ్యలోనే కళ్ళు తెరిచింది. అందరి నోళ్ళూ మూసి ఉన్నాయి. చప్పున ఆపేసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వాక్యం చెప్పడానికి అయ్యగారు బైబిలు పట్టుకుని లేచారు. లేచి, పుల్పిట్ వైపు వెళ్ళలేదు. చాపల మధ్యనుంచి నడుచుకుంటూ గోడ దాకా వెళ్ళి, సువార్తమ్మకి ఎదురుగా నేల మీద కూర్చున్నారు. తన పెదాలు ఆమెకి కనపడేలా నిదానంగా అన్నారు:

"అమ్మా, నీ చరణం మిగిలిపోయింది."

"అయ్యో, పాటైపోయింది కదయ్యా. అందరూ ఆపేశారు. ఇయ్యాల పెదాలు పరిగెట్టేశాయి, నేనందుకోలేకపోయాను."

"మేం ఆపాం. ప్రభువు ఇంకా వింటూనే ఉన్నాడు. పాడు."

ఆమె కొంగు తీసింది. కళ్ళు మూసుకుని, వదిలేసిన చోటు నుంచి ఎత్తుకుంది. మూడో చరణం అయింది. కళ్ళు తెరిచింది. అయ్యగారి పెదాలు కదిలాయి. నాలుగోది మొదలుపెట్టింది. మందిరంలో ఎవరూ కదల్లేదు. ఆ పరుగులో ఊపిరాడక అలిసిన ఏసుపాదం కూడా డోలక్ మీద చేతులు ఆనించి తలొంచుకున్నాడు.

నతానియేలు గిటారు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ గొంతు అతనికి కొత్తది కాదు. అమ్మ ఒళ్ళో కూర్చున్న వయసు నుంచీ, ప్రతి చరణం చివరా, ఆ ఖాళీలో వింటూనే ఉన్నాడు.

ఇన్నేళ్ళలో ఆ ఆగడం ఎవరికోసమో అతనికి ఎవరూ చెప్పలేదు. సంఘంవాళ్ళు తమలో తామైనా ఎప్పుడూ చెప్పుకున్నట్టు లేదు.

అయ్యగారు మోకాళ్ళు పట్టుకుని లేచారు. "ఇంకో పాట పాడు నాయనా" అన్నారు.

పాడాడు. మొదటి చరణం అయ్యాక అరచెయ్యి తీగల మీద ఆనించాడు. సంఘం ఆగింది. గోడవార నుంచి ఆ గొంతు మెల్లగా వచ్చి, చివరి మాట దాకా నడిచి, చేరింది. సువార్తమ్మ కళ్ళు తెరిచి చూసింది. ఈసారి ఆమె చూసింది అతని పెదాలవైపే. అవి కదిలేదాకా ఆగి, ఆమె కూడా రెండో చరణం అందుకుంది.

"ఇదిగో, ఇప్పుడు వాయించబుద్ధేస్తోంది" అన్నాడు ఏసుపాదం.

ఆరాధన అయ్యాక అయ్యగారు ఫారం తీసుకుని, బైబిలు మీద పెట్టి రాశారు. సంతకం చేసి, నాలుగు మడతలు పెట్టి అతని జేబులో పెట్టారు.

"మీ చాప్లిన్‌గారికి నా వందనాలు చెప్పు. పో, మామ్మకి చెప్పి వెళ్ళు."

"ఆవిడకి వినపడదు కదండీ?"

"ఎదురుగా కూర్చుని చెప్పు."

ఒంటిగంట బస్సు పోయింది. రెండున్నర బస్సులో, కాలవ దాటాక, నతానియేలు మడతలు విప్పి చూశాడు. స్థానిక సంఘంలో చేయుచున్న పరిచర్య అన్న గడిలో, అయ్యగారి వంకర అక్షరాలు ఒకే ఒక్క వరసలో ఉన్నాయి:

"సువార్తమ్మగారి చరణము ముగియువరకు ఆగును."