ఓబుళమ్మ చీర కప్పిన నారుమడి

మీ తాతల తాతలకి ఇంకా మూతి మీద మీసం రాని కాలం. కొండల నడుమ ఒక పల్లె. ఆ పల్లెలో ఓబుళమ్మ అని ఒక ముసలామె ఉండేది. కూలికి నారు పోసేది, కూలికి నారు పీకేది. నోరు మాత్రం ఉచితం! ఆమె పొలంలో ఉందంటే పక్క పొలం వాళ్ళకి కూడా పొద్దు తెలిసేది కాదు.

ఆ ఊరి టమాటా అంటే చుట్టుపక్కల సంతలన్నీ ఎదురుచూసేవి. అట్లాంటి ఊరికి తెల్లదోమ పట్టుకుంది. నూకగింజలో సగం కూడా ఉండదు ఆ పురుగు. లేత ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది. అది వాలిన మొక్క ఆకు ముడుచుకుంటుంది. ఇక పెరగదు, కాయదు. ఏటేటా పంట నారుమడిలోనే పోతుంటే, చివరికి ఊరందరి విత్తనం కలిపితే మూడు దోసిళ్ళు మిగిలింది.

ఊరిపెద్ద సిద్దప్పనాయుడు ఆ విత్తనం తెచ్చి ఓబుళమ్మ ఒళ్ళో పోశాడు.

"ఇంతే మిగిలింది అత్తా. ఇది కూడా పోతే మన ఊళ్ళో టమాటా మాటే ఉండదు."

"నా చేతికిచ్చినాక పోయేదేంది నాయుడా? పో, పోయి గంపలు అల్లించుకో!"

మొదటి దోసిలి విత్తింది. చేపలు పట్టే వల తెచ్చి మడి మీద కప్పింది. కోడి రాలేదు, పిట్ట రాలేదు. దోమ మాత్రం వల కన్నుల్లోంచి దర్జాగా దూరింది. నారు ముడుచుకుంది.

"చేపలు పడినాయా అత్తా?" అని ఎద్దులు తోలుకుపోయే గురవయ్య ఎగతాళి చేశాడు.

"పడినాయిలేరా, అన్నీ నీ మాదిరే నోరు తెరుచుకోని ఉండాయి!"

నవ్వుతూనే ఆ మొక్కలన్నీ పీకి, దూరంగా గుంట తీసి పూడ్చేసింది. వేరే చోట మడి కట్టింది.

రెండో దోసిలి విత్తింది. ఈసారి నాయుడి పాత పంచె అడిగి తెచ్చింది. మూతికి అడ్డం పెట్టుకుని ఊది చూసింది. "గాలి పోవాల, దోమ పోకూడదు" అనుకుంది. వెదురు బద్దలు వంచి, పంచె కప్పి, అంచుల మీద మట్టి పోసింది. నారు నవనవలాడుతూ లేచింది.

లేచిందని తెలిశాక ఊరివాళ్ళకి కాలు నిలవలేదు. గురవయ్య ఎద్దుల్ని ఆపి, "మొలిచిందా? ఏదీ, చూద్దాం!" అని పంచె ఎత్తాడు. నీళ్ళకి పోయే ఆడవాళ్ళు బిందెలు దించి, "మొలిచిందా? ఏదీ, చూద్దాం!" అని ఎత్తారు. సాక్షాత్తూ నాయుడే వచ్చి, "మొలిచిందా? ఏదీ, చూద్దాం!" అని ఎత్తాడు. ఎత్తినప్పుడల్లా దోమ దూరింది. నారు ముడుచుకుంది.

ఓబుళమ్మ ఈసారి నవ్వలేదు. గట్టు మీద కూలబడింది.

"దోమనైతే ఆపినా గదా నాయుడా! మీ చేతుల్ని ఎట్ల ఆపేది?"



ఇక మిగిలింది ఒక్క దోసిలి. ఓబుళమ్మకి ఉన్నవి రెండే చీరలు. ఒకటి ఒంటి మీద, ఒకటి దండెం మీద. దండెం మీది చీర ఉతికి ఉతికి పలచబడింది. మూతికి పెట్టుకుని ఊదింది. గాలి పోవాల, దోమ పోకూడదు. సరిగ్గా సరిపోయింది! కొత్త మడిలో విత్తి, ఆ చీరే కప్పేసింది.

నారు లేచింది. గురవయ్య వచ్చాడు. "మొలిచిందా? ఏదీ..." అని వంగాడు.

"ఒరే గురవా! ఆడదాని చీర ఎత్తుతావా? ఎత్తు చూద్దాం! మీ అమ్మని కేకేస్తా, ఆమె ముందరే ఎత్తు!"

నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి పోయింది. బిందెలవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. తర్వాత నాయుడు వచ్చాడు. "మొలిచిందా అత్తా? ఏదీ..." అని నాలుక్కరుచుకుని, చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. ఊరంతా పడీపడీ నవ్వింది. ఒక్కరూ ముట్టలేదు.

నీళ్ళు చీర మీదనే చల్లింది. కలుపు తియ్యాలంటే, చలికి దోమ కదలని వేకువన తనే ఒక అంచు ఎత్తి, తీసి, దించేది. ముదిరాక తీసి నాటిన ఆ నారుని దోమ అంతగా దెబ్బతియ్యలేకపోయింది; ఊరందరి చేలకీ వచ్చింది. ఆ ఏడు గంపలు చాలక దుప్పట్లలో మూటలు కట్టారు.

తర్వాత ఎన్నో పంటలు పండినాయి. ఒకసారి మడిలో నారు ఉండగానే ఓబుళమ్మ కన్నుమూసింది. ఆమె చీరే తెచ్చి ఆమె మీద కప్పుదామన్నారు. కోడలు రామక్క అడ్డం నిలబడింది.

"నారు ఇంకా లేత. ఇప్పుడు తీస్తే మా అత్త లేచొచ్చి తిడుతుంది."

మరి ఏం కప్పేది? ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళు ఇళ్ళకి పోయి, తలా ఒక చీర పట్టుకొచ్చారు. రెండు చీరలతో బతికిన మనిషి, ఊరి చీరలన్నీ కప్పుకుని పోయింది.

ఇప్పుడు సన్నకన్ను నైలాను వలలు వచ్చాయి. అయినా ఆ చుట్టుపక్కల పల్లెల్లో నారుమడికి వల కప్పగానే మూలన ఒక పాత చీర పేలిక కడతారు. ఎవరన్నా వంగి, "మొలిచిందా? ఏదీ..." అన్నారనుకోండి, గట్టు మీద నుంచి ఒక కేక వస్తుంది:

"ఓబుళమ్మ చీర అది!"

చెయ్యి వెనక్కి పోతుంది. దోమ బయటే ఉంటుంది.