చుక్కలు లేని పలక

అండాళమ్మ టీచరును ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పదు. చేతిలో పని ముగిసే దాకా అడిగినవాళ్లను కూర్చోబెడుతుంది. ముగిసిన తర్వాత కూడా జవాబే వస్తుందన్న నమ్మకం లేదు. ఎప్పుడో జరిగిన సంగతి ఒకటి చెప్పి, "చాయ్ తాగిపో" అంటుంది. చిన్న బళ్లలో కొత్తగా చేరిన టీచర్లు ఆదివారాల్లో ఆమె ఇంటికి వస్తుంటారు. ఆమె రిటైరై చాలా కాలమైంది. అయినా ఒకటో తరగతికి అక్షరాలు ఎట్లా చెప్పాలో ఆమెనే అడగాలని మా వైపు ఒక పేరు నిలిచిపోయింది. నేను టీచరును కాను. ఏ బడీ నన్ను ఎక్కువ రోజులు ఉంచుకోలేదు. గోడల మీది సినిమా పోస్టర్లు, కిరాణా కొట్టు పొట్లాలు చూసి అక్షరాలు పోగేసుకున్నదాన్ని. అయినా ఆ ఇంటి వరండాలో ఒక మూల నన్ను కూర్చోనిస్తారు కనుక వెళ్తుంటాను.

ఆ ఆదివారం ప్రసూన వచ్చింది. కొత్త ఉద్యోగం, రెండో తరగతి. కూర్చోకముందే మొదలుపెట్టింది.

"మా పిల్లలు ముత్యాల్లా రాస్తారమ్మా. ఎవరొచ్చినా పలకలు చూసి మెచ్చుకుంటారు. అదే మాట చదవమంటే మాత్రం నా మొహం చూస్తారు. నేనెక్కడ తప్పుతున్నానో తెలియడం లేదు."

అండాళమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. సగం కాయలు ప్రసూన ముందుకు తోసింది. తర్వాత తల ఎత్తకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెప్పింది ఇది.

ఒక తండా బడిలో ఆమె మూడో తరగతికి చెప్పే రోజుల్లో, పక్క గదిలో చిన్నపిల్లలకు దామోదరం సారు చెప్పేవాడు. చెడ్డవాడు కాదు. పిల్లల మీద చెయ్యెత్తి ఎరగడు. అందరికంటే ముందు బడికి వచ్చి, పలకలన్నీ వరసగా పరిచి, ఆ రోజు నేర్పాల్సిన మాటలను ఒక్కో పలక మీద చుక్కలు చుక్కలుగా రాసి పెట్టేవాడు. పిల్లలు వచ్చి ఆ చుక్కల మీద బలపంతో దిద్దేవాళ్లు. మధ్యాహ్నానికి ఏ పలక చూసినా సారు చేతిరాతే కనిపించేది. పై అధికారులు వచ్చి చూసి, తండా పిల్లలు ఇంత గుండ్రంగా రాయడం ఎక్కడా చూడలేదని మెచ్చుకుని వెళ్లేవాళ్లు. సారు ఆ మెప్పును పిల్లలకే ఇచ్చేవాడు. "నాదేముంది, వాళ్ల చెయ్యి మంచిది" అనేవాడు. నిజంగా అట్లాగే నమ్మాడు.

ఆ పిల్లల్లో రుక్కి చెయ్యి మరీ మంచిది. ఒక్క చుక్క కూడా బయటికి పోనిచ్చేది కాదు.

రుక్కి తండ్రి హర్యా, తల్లి తుల్సీ ఏటా దీపావళి దాటగానే ఇటుక బట్టీల పనికి పోయేవాళ్లు. కూలీలను కుదుర్చుకునే మేస్త్రి లారీ తెచ్చి తండాలో సగం ఇళ్లను ఎక్కించుకుపోయేవాడు. మళ్లీ వానలు పడేనాటికి దింపేవాడు. కిందటేడు రుక్కి కూడా పోయింది. ఎండలో పచ్చి ఇటుకలు తిరగేసి, అరచేతుల తోలు ఊడిపోయి తిరిగొచ్చింది. ఈసారి పిల్లను నాయనమ్మ దగ్గర ఉంచి బడికి పంపాలని హర్యా పట్టు. తుల్సీకి అది ఇష్టం లేదు. చంకలో పాలు మరవని కొడుకున్నాడు. తాను మట్టి తొక్కుతుంటే వాణ్ని ఎవరు పట్టుకోవాలి? మొగుడూ పెళ్లాలు కొట్లాడి కొట్లాడి చివరికి ఒక మాట మీదికి వచ్చారు. పిల్లకు చదువు వచ్చిందని తుల్సీ కళ్లారా చూస్తే పిల్ల ఉంటుంది, లేదంటే లారీ ఎక్కుతుంది.

లారీ వచ్చిన పొద్దున బడి ముందే ఆగింది. తట్టలు, గిన్నెలు, కాళ్లు కట్టిన కోళ్లు, మధ్యలో మనుషులు. మేస్త్రి హారన్ మీద చెయ్యి తీయడం లేదు. ఆ మోతకు అండాళమ్మ కూడా తన గదిలోంచి వరండాలోకి వచ్చింది. హర్యా పిల్లను ముందుకు తోసుకుంటూ మెట్లెక్కాడు.

"సారూ, మా రుక్కి ఉంటది. మా ఇంటిదానికి జెర చూపెట్టుర్రి."

దామోదరం సారు మొహం వెలిగిపోయింది. లోపలికి పోయి రుక్కి ముందురోజు దిద్దిన పలక తెచ్చి తుల్సీ ముందు పట్టాడు. 'పాలు', 'బావి', 'బంతి'. తుల్సీ చంకలో పిల్లాణ్ని సర్దుకుని వంగి చూసింది.

"మంచిగున్నది. ఎవరు రాసిర్రు?"

"నీ బిడ్డనే తల్లీ."

"గట్లయితే నా ముంగట రాయమను. వీని పేరు రాయమను. బాలు."

లారీ మీద నుంచి ఒక ముసలాయన అరిచాడు. "రాయవే కలెక్టరమ్మా! బండి ఆగింది నీకోసమే!"

అందరూ నవ్వారు. రుక్కి కూడా నవ్వింది. సారు పలకను తడిబట్టతో శుభ్రంగా తుడిచి పిల్ల ఒళ్లో పెట్టాడు. ఆ పేరులో ఆ పిల్ల దిద్దని అక్షరం ఒక్కటీ లేదు. రుక్కి బాసింపట్టు వేసుకుని, బలపాన్ని నాలికతో తడిపి, పలక వంక చూస్తూ కూర్చుంది.

చాలాసేపు అట్లాగే కూర్చుంది.

"రాయి బిడ్డా," అన్నాడు సారు. "బా... లు."

"బా... లు," అంది రుక్కి గట్టిగా. సారు ఏదంటే అది తిరిగి చెప్పడం అలవాటైన పిల్లలు లోపల గదిలోంచి ఒక్క గొంతుతో "బా... లూ" అని పాడారు. లారీ మీద మళ్లీ నవ్వులు. తన పేరు ఇంతమంది పిలిచేసరికి చంకలో వాడు కూడా కిలకిలా నవ్వాడు. హర్యా ఒక్కడే నవ్వలేదు. పిల్ల చేతిలో బలపాన్నే చూస్తున్నాడు. దాన్ని చూపుతో కదిలించగలిగితే కదిలించేవాడే.

అప్పుడు రుక్కి లేచింది. భయం లేదు, సిగ్గు లేదు. రోజూ జరిగే పని ఎందుకో ఇవాళ మరిచిపోయారన్నట్టు పలకను రెండు చేతులతో సారు ముందు పట్టింది.

"సార్, చుక్కలు పెట్టలే."

సారు చెయ్యి దానంతట అదే పలక మీదికి పోయింది. బలపం అందుకుని మొదటి చుక్క పెట్టాడు కూడా. రెండోది పెట్టబోతూ తల ఎత్తితే ఎదురుగా తుల్సీ కళ్లు.

"ఉండనీ సారూ," అంది తుల్సీ. గొంతులో కోపం కూడా లేదట. "తమ్మున్ని ఎత్తుకునేటందుకు చుక్కలెందుకు?"

బతిమాలితే ఎవరిని బతిమాలాలో హర్యాకు తెలిసినట్టు లేదు. పిల్లను నడుం పట్టి ఎత్తి లారీలో పైవాళ్లకు అందించాడు. తుల్సీ ఎక్కి కూర్చుని కొడుకును రుక్కి ఒళ్లో వేసింది. లారీ కదిలింది. రుక్కి ఒక చేత్తో తమ్ముణ్ని పట్టుకుని, రెండో చేత్తో పలకను సారు వైపే చాపి ఉంచింది. ఇంకా టైముంది, ఆయన పరుగెత్తుకొచ్చి పెట్టేస్తాడు అన్నట్టు. దాని మీద ఒక్క చుక్కే ఉంది.

ఇక్కడ అండాళమ్మ ఆగి, పురుగున్న కాయ ఒకటి పక్కన పడేసింది.

"మరి సారు?" అంది ప్రసూన.

"సారు లోపలికి పోయిండు. మిగతా పిల్లలు పలకలు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నరు. లారీ గొడవలో ఆ పొద్దున ఎవరికీ చుక్కలు పెట్టలేదు కదా."

"పెట్టారా?"

"అందరికీ పెట్టిండు. ఏడ్చుకుంట పెట్టిండు. ఆ రోజు పలకలు ఇంకా అందంగా వచ్చినయి."

నాకు ఆ తల్లి మీద కోపం రావాలి. ఆడపిల్లను బడి మెట్ల మీద నుంచి లారీలోకి ఎక్కించిన మనిషి మీద నాకు రాకపోతే ఇంకెవరికి వస్తుంది? రాలేదు. ఆమె అడిగింది రెండక్షరాల పేరు. అది కనబడితే చంకలో బరువు తానే మోసుకుంటూ పోవడానికి ఒప్పుకునే వచ్చింది. కోపం సారు మీదికి తిప్పుదామంటే, ఆయన అందరికంటే ముందు లేచి బడికి వచ్చేవాడు. ఎవరి మీదా నిలవక ఆ కోపం నాలోనే తిరుగుతూ ఉండిపోయింది.

ప్రసూన ఏడవలేదు కానీ ఏడ్చినంత పని చేసింది. కాయలు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, సంచిలోంచి పెన్ను తీసింది.

"అర్థమైందమ్మా. రేపటి నుంచి మొత్తం మార్చేస్తాను. బడికి వెళ్లగానే ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి, ఒక్కొక్కటీ వరసగా చెప్పండి. మీరు చెప్పినట్టే చేస్తాను."

అండాళమ్మ చివరి కాయకు ఈనె తీసి, గిన్నెలో వేసి, ఆ అమ్మాయి చేతిలో ఎదురుచూస్తున్న పెన్నును చూసింది.

"చుక్కలు పెట్టమంటవా, బిడ్డా?"