ఓడిన తిరగలి పిండి

స్వామిని తలుచుకుని కూర్చోండమ్మా, చెబుతాను. వెనకటికి ఒక రాజ్యంలో, నరసింహస్వామి కోవెలలో, ఓబులమ్మ, ఆమె తోడికోడలు సుంకులమ్మ ఒకే తిరగలికి ఎదురెదురుగా కూర్చుని నైవేద్యానికి పిండి విసిరేవారు. రెండిళ్లలో పొయ్యి వెలిగేది ఆ పనిమీదే. కొత్తగా వచ్చిన ఆలయాధికారి భీమశంకరం తన అత్తవారి ఊరినుంచి మరో జంటను దింపి, పోటీ పెట్టాడు.

"గడియలో ఎవరు ఎక్కువ చుట్లు తిప్పితే పని వాళ్లదే!"

కొత్తవాళ్లు గింజలు పోయడమే మానేసి ఉత్త రాళ్లను గిరగిరా తిప్పారు. ఓబులమ్మ మాత్రం వేయించిన మినుములు గుప్పెడు గుప్పెడు పోస్తూ తన లయలోనే విసిరింది.

"కొంప మునుగుతోందక్కా, నువ్వూ అలాగే తిప్పు!" అని సుంకులమ్మ గొణిగింది. స్వామి నైవేద్యం వేళకు ఉత్త రాళ్లు తిప్పడానికి ఓబులమ్మకు చేయి రాలేదు.

"వాళ్లవి ఆరువందల చుట్లు, మీవి మూడువందలు. ఇక ఇంటికి నడవండి," అన్నాడు అధికారి.

అంతలో అర్చకులు వచ్చి సున్నుండలకు పిండి అడిగారు. గెలిచినవాళ్ల తిరగలి చుట్టూ చిటికెడు పిండి లేదు. భీమశంకరం ఓబులమ్మ పిండి ఎత్తుకున్న చేటవైపు చేయి చాచాడు.

ఆమె చేటను పక్కకు జరిపింది. "అయ్యో, ఇది ఓడినవాళ్ల పిండి అయ్యగారూ! స్వామికి గెలిచినవాళ్లదే పెట్టించండి."

పోటీ చూడవచ్చిన జనమంతా అధికారి మొహం చూశారు. గర్భగుడిలో గంట మోగింది.

"గెలిచింది మీరేనమ్మా," అని గొణిగాడాయన.

"స్వామికి వినబడేలా అనండి బాబూ."

ఆయన గొంతెత్తి మళ్లీ అన్నాక, ఓబులమ్మ చేటను కళ్లకద్దుకుని అర్చకుల చేతికిచ్చింది.